వింబుల్డన్ బీడు, మన పోరంబోకు



మూడు నెలలుగా ఈ పుటలో అక్షరం రాయలేదు. నలుగురైదుగురు మిత్రులు ఆరోగ్యం ఎలా ఉందని ఆప్యాయంగా అడిగారు. వారికి కృతజ్ఞుణ్ణి. ఆరోగ్యం దివ్యంగా ఉంది. అమ్మాయీ అల్లుడూ పట్టుబట్టి లండన్ తీసుకువెళ్ళారు. ఆ మహానగరానికి నైరృతి దిక్కున ఉన్న వింబుల్డన్ అనే శివారులో వారి కాపురం. వింబుల్డన్ అనగానే టెన్నిసు బంతి తప్ప మరొకటి స్ఫురించని నాబోటివాడికి ఆ ఊరిని ఆనుకుని ఒక పెద్ద బీడు ఉన్నదని తెలియదు. మా మనవడు రెండవ రోజు ఉదయమే నా చేయి పట్టుకుని "తాతయ్యా, కామన్‌కి వెళ్దామా?" అన్నాడు. 'కామన్' అంటే నాకు తెలిసిన అర్థం సామాన్యం, సాధారణం. అదొక ప్రదేశమా అని అడిగాను. వాడు నవ్వాడు.

ఆ మాటను ఎలా తెలుగు చేయాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఉద్యానవనం కాదు, అడవి కాదు, మైదానం అంతకంటే కాదు. 'ఊరుమ్మడి బీడు' అన్నది దగ్గరగా వస్తుందని చివరకు నిర్ణయించుకున్నాను. ఆ అనువాదం కోసం ఇంత పెద్ద టపా రాయవలసిన అవసరం లేదు. రాయడానికి కారణం వేరే ఉంది.

ఒకనాడు ఉదయం ఆ బీడులో బల్లమీద కూర్చుని ఉండగా మనవాడే మరొక పెద్దమనిషి కలిశారు. నాలాగే పిల్లల దగ్గరకు వచ్చిన విశ్రాంత ఇంజనీరు. మర్యాదస్థుడు, చదువుకున్నవాడు. నాలుగు మాటలయ్యాక చుట్టూ చేయి తిప్పి ఆయన అన్నది ఇది: "చూశారా మాస్టారూ, ఇంత విలువైన స్థలాన్ని ఇన్నాళ్ళూ ముట్టుకోకుండా ఎలా ఉంచారో! వీళ్ళ రక్తంలోనే ఉందండీ ఆ క్రమశిక్షణ. అదే మన దగ్గరయితే ఈ పాటికి రాళ్ళు పాతి ప్లాట్లు కొట్టి అమ్మేసుకునేవాళ్ళం. మనది పోరంబోకు జాతండీ."

ఆనాడు నేను మౌనం వహించాను. ఈ వయసులో నా జవాబు ఎప్పుడూ ఇంటికి చేరిన తరువాతే తడుతుంది. అయితే ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. విదేశం వెళ్ళివచ్చిన ప్రతి రెండవ మిత్రుడూ ఏదో ఒక రూపంలో ఇదే రాస్తున్నాడు. రోడ్డు శుభ్రంగా ఉంటే రక్తం, క్యూలో నిలబడితే రక్తం, చెట్టు కొట్టకపోతే రక్తం. నేను అప్పుడు మింగేసిన జవాబును ఇప్పుడు ఇక్కడ కక్కుతున్నాను. విజ్ఞులు సహించాలి.

ముందు ఆ నేల సంగతి. వింబుల్డన్ కామన్, పుట్నీ హీత్, పుట్నీ లోయర్ కామన్ అన్నవి మూడూ కలిపి 1,140 ఎకరాలు. తూర్పున ఎత్తయిన గులకరాళ్ళ మెరక. పడమటికి వాలుతూ బెవర్లీ బ్రూక్ అనే వాగు దగ్గర ఆగిపోతుంది. పైన గులక, కింద బంకమన్ను. కురిసిన నీరు గులకలోంచి దిగి బంకమన్ను దగ్గర ఆగి, ఊటలుగా, చిత్తడినేలలుగా అక్కడక్కడా తేలుతుంది. మన్ను పులుపు, సారం తక్కువ. నాగలి పట్టే నేల కాదది. పట్టే నేలే అయితే ఏ నాలుగువందల ఏళ్ళ క్రితమో ఎవరో ఒకరు దున్నేసి ఉండేవారు. బీడుగా మిగలడానికి మొదటి కారణం ధర్మం కాదు, దరిద్రం. ఆ మెరకమీద పసుపు పూల ముళ్ళపొదలు, ఊదారంగు పూల హెదర్ పొదలు, తెల్లని బెరడు గల బర్చి చెట్లు, పల్లంలో ఓక్ చెట్లు. వానాకాలం ఎప్పుడో, లేనిది ఎప్పుడో తెలియని దేశం కనుక కాలిబాటలన్నీ బురద. నా చెప్పులు మొదటి రోజే అక్కడ సమాధి అయ్యాయి.

పూర్వం చుట్టుపక్కల రైతులకు ఈ బీడులో హక్కులుండేవి. పశువులను మేపుకోవచ్చు, ముళ్ళకంప కొట్టుకుని పొయ్యిలోకి తెచ్చుకోవచ్చు, గులక తవ్వుకోవచ్చు. నేల మాత్రం జమీందారుదే. ఇది మనవాళ్ళు చాలామంది గమనించరు. 'కామన్' అంటే అందరిదీ అని కాదు. యజమాని ఒకరు, అనుభవించే హక్కు ఊరికి. ఆ హక్కుకు ఆధారం చాలావరకు అలవాటు. రాసిన కాగితం తక్కువ.

అక్కడ 1817లో ఒక వడ్రంగి కట్టిన గాలిమర ఇప్పటికీ ఉంది. పుట్నీ హీత్ మీద 1798లో సాక్షాత్తు ప్రధానమంత్రి పిట్ ఒక ప్రతిపక్ష సభ్యుడితో పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధం చేశాడు. ఇద్దరి గుళ్ళూ తప్పిపోయాయి. (మన శాసనసభ్యులు మైకులు విరగ్గొట్టడంతోనే సరిపెడుతున్నారు, అదృష్టం.) 1840లో మరొక ప్రభువు ద్వంద్వయుద్ధం చేస్తే, గాలిమర నడిపేవాడే ఊరి కానిస్టేబులు కూడా కనుక, వెళ్ళి ఆ ప్రభువును పట్టుకున్నాడట. పిండి విసిరేవాడు ప్రభువును నిర్బంధించిన ఆ చోట నేను కాసేపు నిలబడ్డాను. ఇవన్నీ కథలు. అసలు కథ 1864లో ఉంది.

ఆ సంవత్సరం ఆ జమీను యజమాని అయిదవ ఎర్ల్ స్పెన్సర్ ఒక బిల్లు ప్రతిపాదించాడు. డయానా రాకుమారి పుట్టిన వంశమే అది. బిల్లు సారాంశం: ఈ నేల చిత్తడి, ఇక్కడ అనారోగ్యకరమైన పొగమంచు, ఎవరికీ ఉపయోగం లేదు, కనుక పెద్ద భాగానికి కంచె వేసి పార్కు చేస్తాను, పుట్నీ వైపు నేలను ఇళ్ళకు అమ్మి ఆ డబ్బుతో కంచె ఖర్చు గట్టెక్కిస్తాను, గాలిమర ఉన్నచోట నాకొక భవనం కట్టుకుంటాను. ఆ ఏడాదే గాలిమర ఆగిపోయింది. దాని యంత్రాలు ఊడదీశారు.

పాఠకమిత్రులు ఆ బిల్లును మరొక్కసారి చదవాలి. స్పెన్సర్ రాక్షసుడేమీ కాదు. నేల లాక్కుంటానని ఆయన అనలేదు, పార్కు చేస్తానన్నాడు. మన పట్టణాల్లో చెరువుగట్టు మీద ఇనుప కమ్మీలు పాతి, రంగురంగుల దీపాలు పెట్టి, చెరువులో మూడోవంతు పూడ్చి, దానికి 'సుందరీకరణ' అని ఫలకం వేయరూ? అదే భాష. ముందు నేలకు చెడ్డపేరు పెట్టాలి, తరువాత దానిని ఉద్ధరించాలి, ఉద్ధరణ ఖర్చుకు అందులోనే ఒక ముక్క అమ్మాలి. రక్తం సంగతి ఇంజనీరుగారు చెప్పాలి గాని, ఈ పద్ధతి మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

మరి ఎలా నిలిచింది? ఆ బీడును ఆనుకుని హెన్రీ పీక్ అనే వర్తకుడి పెద్ద బంగళా ఉంది. ఆయన కిటికీలోంచి కనిపించే దృశ్యానికి ముప్పు వచ్చింది. ఆయనా, ఇరుగుపొరుగూ ఒక సంఘంగా ఏర్పడ్డారు. పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్ళారు. బిల్లు ముందుకు సాగలేదు. పీక్ అంతటితో ఊరుకోక ప్రభువుమీద దావా వేశాడు. ఏళ్ళు గడిచి 1870లో రాజీ కుదిరింది, 1871లో చట్టం వచ్చింది. ప్రభువు నేలను ఊరికే ఇచ్చాడనుకుంటున్నారా? ఏటా 1,200 పౌండ్ల భరణం రాయించుకుని ఇచ్చాడు. పీక్ మహాత్ముడనీ నేను అనను. బంగళా లేని పేదవాడు ఆ దావా వేయగలిగేవాడా? ఇందులో ధర్మం పాలు ఎంతో నాకు తెలియదు, పట్టుదలా ధనమూ మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

ఆ రోజుల్లోనే, 1866 మార్చిలో, బర్కామ్‌స్టెడ్ అనే మరొక చోట ఒక ప్రభువు ఊరి బీడుకు ఇనుప కంచె వేస్తే, ఒక ఆసామి లండన్ నుంచి ప్రత్యేక రైలులో 120 మంది కూలీలను దింపి, తెల్లవారేసరికి కంచె మొత్తం పీకించి నేలమీద పరిచాడు. క్రమశిక్షణ! తరువాత కోర్టు కూడా కంచె పీకించినవాడి పక్షానే తీర్పు చెప్పింది. 1865లో బీళ్ళను కాపాడేందుకు లండన్‌లో ఒక సంఘం పుట్టింది. జాన్ స్టూవర్ట్ మిల్ వంటి తత్త్వవేత్త అందులో సభ్యుడు. రాబర్ట్ హంటర్ అనే న్యాయవాది దానికి చట్టబలం.

నిలిచినవాటి లెక్క చెప్పి పోయినవాటి లెక్క చెప్పకపోవడం కూడా అబద్ధమే. 1604 నుంచి 1914 దాకా ఆంగ్లేయుల పార్లమెంటు 5,200కు పైగా కంచె చట్టాలు చేసింది. వాటి కింద ఉమ్మడి హక్కులు పోయిన నేల సుమారు 68 లక్షల ఎకరాలు. ఇంగ్లండులో అయిదోవంతు కంటే ఎక్కువ. ప్లాట్లు కొట్టి అమ్ముకోవడం మన జాతి లక్షణమని చెప్పేవారు ఈ అంకెను ఒకసారి బల్లమీద పెట్టుకోవాలి. వింబుల్డన్ ఆ వరదలో మునగకుండా మిగిలిన ఒక మెరక, అంతే.

ఈ నేలను నేడు ఎవరు చూసుకుంటున్నారో అడిగాను. ఎనిమిది మంది సంరక్షకులు. అందులో ముగ్గురిని ప్రభుత్వ శాఖలు నియమిస్తాయి, అయిదుగురిని మూడేళ్ళకొకసారి ఎన్నుకుంటారు. బీడుకు ముప్పావు మైలు లోపల ఉన్న ఇళ్ళవాళ్ళు ఇంటిపన్నుతోపాటు బీడు కోసం వేరుగా ఒక రుసుము కడతారు. కట్టేవారికి ఓటు. మా అల్లుడు ఆ బిల్లు చూపించాడు. ఓటు వేశావా నాయనా అని అడిగితే ఎన్నికలు ఎప్పుడో తెలియదన్నాడు. మందలించాను. సంరక్షకులు చేయవలసిన పని చట్టంలోనే ఉంది: నేలను తెరిచి ఉంచాలి, కంచె వేయకూడదు, కట్టడం లేవకూడదు, సహజరూపం చెడకూడదు. దీనికి రక్తం అక్కరలేదు. ఒక చట్టం, ఒక రుసుము, ఒక ఓటు, తగవుపెట్టుకునే ఇరుగుపొరుగు ఉంటే చాలు. అక్కడ గోల్ఫ్ ఆడేవారు పైన ఎర్రని చొక్కా తొడుక్కోవాలని నియమం కూడా ఉంది, నడిచేవారికి దూరంనుంచే కనబడాలని. ధనవంతుణ్ణి ఎర్రచొక్కా తొడిగించి నడిపించిన ఆ నియమం నాకు అమితంగా నచ్చింది.

నచ్చనిదీ ఒకటుంది. అక్కడ ఆవు లేదు. నేను నెలరోజులు తిరిగాను. కుక్కలు, గుర్రాలు, పరుగెత్తే యువకులు, తోపుడుబండ్లలో పసిపిల్లలు ఉన్నారు, మేసే పశువు ఒక్కటీ కనబడలేదు. మేత ఆగిపోయాక బర్చి మొక్కలు విజృంభించి హెదర్‌ను కమ్మేయసాగాయట. అందుకని స్వచ్ఛంద కార్యకర్తలు రంపాలు పట్టి మొక్కలు కోస్తారు. పూర్వం ఆవు కడుపు నింపుకుంటూ చేసిన పనిని ఇప్పుడు మనుషులు కష్టపడి చేస్తున్నారు. బీడు దక్కింది, దానిమీద బతికినవాడు దక్కలేదు. దృశ్యంగా దక్కింది. ఈ ఒక్క విషయంలో వింబుల్డన్‌ను మనం అనుకరించకూడదని నా అభిప్రాయం.

ఇక అసలు మాటకు వస్తాను. లండన్‌లో బీళ్ళ సంరక్షణ సంఘం పుట్టిన 1865లోనే కలకత్తాలో మొదటి అటవీ చట్టం పుట్టింది. 1878లో ఆంగ్లేయులు తమ దేశంలో ఎపింగ్ అరణ్యాన్ని ప్రజల కోసం తెరిచి ఉంచాలని చట్టం చేశారు. అదే 1878లో ఇక్కడ అటవీ చట్టం చేసి, మన పల్లెలవాళ్ళు తరతరాలుగా అనుభవిస్తున్న హక్కులను ప్రభుత్వం దయతలిస్తే ఇచ్చే సౌకర్యాలుగా మార్చారు. 1882లో విక్టోరియా రాణి స్వయంగా ఎపింగ్ వెళ్ళి ఆ అడవిని జనానికి అంకితం చేసింది. అదే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒకే రాణి, ఒకే ఏడు. అక్కడ 'కామన్' అయిన నేల ఇక్కడ 'రిజర్వు' అయింది.

నేను పలనాటివాణ్ణి. ఆ చట్టం మా ఊళ్ళకు ఎలా వచ్చిందో మా పెద్దలు చెప్పగా విన్నాను. పశువు అడవిలో మేస్తే పన్ను. దాని పేరు పుల్లరి. ఆ పుల్లరి కట్టమన్నందుకే మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఎదురు తిరిగాడు. 1922లో పోలీసులు ఆయనను కాల్చి చంపారు. మేతహక్కు కోసం హెన్రీ పీక్ దావా వేస్తే రాజీ, హనుమంతు నిలబడితే తుపాకిగుండు. మనవాళ్ళకు ఉమ్మడి నేలమీద మమకారం లేదని చెప్పే ప్రతివాడూ మించాలపాడు దారి తెలుసుకుని రావాలి.

'పోరంబోకు' అన్న మాట కూడా ఆ లెక్కల పుస్తకంలోంచి వచ్చిన తిట్టే. తమిళంలో 'పుఱం' అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉన్న నేల పోరంబోకు. అంతకుమించి దానికి అర్థం లేదు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, డొంక పోరంబోకు, శ్మశానం పోరంబోకు. ఊరు నీరు తాగేది, పశువు మేసేది, బండి నడిచేది, చివరకు మనిషి కాలేది అన్నీ పోరంబోకే. సర్కారుకు పైసా రాలేదు కనుక అది పనికిరాని నేల. పనికిరాని నేల కనుక పనికిరాని మనిషి కూడా పోరంబోకు. నలభై ఏళ్ళు తెలుగు చెప్పాను. వెనుకబల్ల పిల్లలను ఆ మాటతో నేనూ తిట్టాను. ఆ తిట్టులో ఏ గుమాస్తా కలం పలుకుతోందో ఒక్కనాడైనా ఆలోచించలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఒకటుంది. దానిని దాచి ఇంజనీరుగారిని మాత్రం నిలదీయడం న్యాయం కాదు.

మా ఊరి చివర ఒక మందబయలు ఉండేది. పొద్దున ఊరి పశువులన్నీ అక్కడ చేరి, కాపరి వెంట మేతకు పోయేవి. సంక్రాంతికి ముగ్గులపోటీ, ఎండకాలంలో వీధినాటకం అక్కడే. ఊరు పట్టణమైంది, పట్టణం బయలు దాకా వచ్చింది. 1994లో ఊరి పెద్దలు కొందరు ఆ బయలులో దుకాణాల సముదాయం కట్టించారు. ప్రారంభోత్సవానికి పద్యాలు కావాలని నన్ను అడిగారు. మూడు సీసాలు, రెండు ఉత్పలమాలలు రాశాను. పోరంబోకు నేల లక్ష్మీనివాసమయిందని వర్ణించాను. యతి ఎక్కడా తప్పలేదు. శాలువా కప్పి 516 రూపాయలు చేతిలో పెట్టారు.

సభ అయ్యాక ఒక గొల్లపెద్ద నా దగ్గరకు వచ్చాడు. "పంతులుగారూ, పద్యాలు బాగున్నాయండీ. రేపటినుంచీ జీవాలను ఎక్కడ నిలపమంటారు?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చదువుకున్నవాణ్ణి కనుక నాకు తెలుస్తుందనుకున్నాడు. "అభివృద్ధి వస్తున్నప్పుడు కొంత సర్దుకోవాలయ్యా" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే మంద అమ్మేశాడు. కొడుకులు నరసరావుపేట వెళ్ళి మిల్లులో చేరారు. ఆ శాలువా మా ఇంటి బీరువాలో ఇంకా ఉంది.

కనుక, ఇంజనీరుగారూ, మన దగ్గరయితే అమ్మేసుకునేవాళ్ళం అని మీరన్నది అబద్ధమని నేను అనడం లేదు. అమ్మినచోట పద్యం చదివినవాణ్ణి నేనే. కాని అది జాతిగుణం అంటే మాత్రం ఒప్పుకోను. జాతిగుణం అనేస్తే నా పద్యాలకు నేను జవాబు చెప్పనక్కరలేదు, కట్టినవాడు పత్రాలు చూపనక్కరలేదు, సంతకం పెట్టిన అధికారి పేరు ఎవరూ అడగనక్కరలేదు. రక్తంమీదకు నెట్టేస్తే అందరం నిర్దోషులమే. ఆ మాటలో ఉన్న సుఖం అదే.

2011 జనవరి 28న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పంజాబులో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్ళు కట్టుకున్నవారి వ్యాజ్యం అది. ఊరుమ్మడి నేలల ఆక్రమణలను తొలగించి గ్రామాలకు తిరిగి అప్పగించేందుకు పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ కోర్టు ఆదేశించింది. ఏళ్ళ తరబడి ఆక్రమణలో ఉన్నదనీ, కట్టడానికి చాలా ఖర్చుపెట్టామనీ చెప్పడం సాకు కాదని కూడా అన్నది. దక్షిణాదిన ఆ నేలలను పోరంబోకు అంటారని తీర్పులో ఆ మాట సహితం ఉంది. తిట్టుగా కాదు, ఊరి ఆస్తి పేరుగా. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయింది. నేను దానిని చదివినది వింబుల్డన్‌లో, అల్లుడి కంప్యూటరులో.

వచ్చే నెల మొదటివారంలో ఊరికి చేరుకుంటాను. సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు కార్యాలయానికి ఒక దరఖాస్తు రాసి ఉంచుకున్నాను. మందబయలు సర్వే నంబరు అడంగల్‌లో ఏ ఖాతాలో ఉండేది, ఎప్పుడు మారింది, ఏ ఉత్తర్వుతో మారింది అన్న మూడు ప్రశ్నలు. సర్వే నంబరు నాకు తెలియదు. ఆ గొల్లపెద్ద ఇప్పుడు లేడు, ఆయన చిన్నకొడుక్కి తెలిసి ఉండవచ్చునని మా తమ్ముడు ఫోనులో చెప్పాడు. నరసరావుపేటలో దిగి ముందు వాళ్ళ ఇంటికే వెళ్ళాలి.